ఆగకూడని బండి

ఓబయ్యది బండ, కమలాక్షమ్మది బండి. ఆళ్లగడ్డ శిల్పుల వీధిలో ఎవర్నడిగినా ఇదే చెబుతారు. ఆయన బండరాయికి ప్రాణం పోస్తాడు, ఆమె బండికి డీజిల్ పోస్తుంది. ఆయన చేతిలో ఉండేది ఉలి, చేతిలో ఉండనిది ఆలి అని పక్క కొట్టాల్లో వాళ్లు నవ్వుతారు. ఆ నవ్వు మొదలుపెట్టేది మామూలుగా ఓబయ్యే. పెళ్లాం మీద జోకు వేసి, అది ఆమె చెవిన పడేదాకా ఆగి, ఆమె తిరిగి వేసే జోకుకు తనే ఎక్కువగా నవ్వే రకం మనిషి.

అటువంటి మనిషి ఆ బుధవారం పొద్దున నంద్యాల బస్సులో కిటికీ పక్క సీటు దొరికి కూడా బయటికి చూడలేదు. శిరివెళ్ల వచ్చింది, పోయింది. పక్క సీటు పెద్దాయన ఉండబట్టలేక పలకరించాడు.

"యాడికప్పా?"

"నంద్యాలకు. ఆసుపత్రి పని."

"ఎవరికి బాగలేదు?"

"ఇంజనుకు."

పెద్దాయన కొంచెం అవతలికి జరిగి కూర్చున్నాడు.

నాలుగేళ్ల కిందటి దాకా ఓబయ్య విగ్రహాలు ఊళ్లకు పోయేది బాడుగ బండ్లలో. ఆ డ్రైవర్లకు గతుకులంటే భయం లేదు, దేవుడంటే అంతకన్నా లేదు. ముక్కు పగిలిన అమ్మవారినో, తోక విరిగిన ఆంజనేయుణ్ణో గుడి ముందు దించి మాయమయ్యేవాళ్లు. చెక్కింది ఓబయ్య, చెక్కేసింది డ్రైవరు. అట్లా మూడో విగ్రహం వెనక్కి తిరిగొచ్చిన రోజు కమలాక్షమ్మ కొంగు నడుముకు దోపి, "నేను తోలతా" అంది.

వీధంతా నవ్వింది. ఆమె నెల రోజులు రోజూ బస్సెక్కి నంద్యాల పోయి డ్రైవింగు నేర్చుకుంది. నలభై ఎనిమిదో ఏట పరీక్షలో బండితో ఎనిమిది అంకె వేసి చూపించి లైసెన్సు తెచ్చుకుంది. పాత మినీ లారీ ఒకటి కొన్నారు. అప్పట్నించి ఏ దేవుడి ముక్కూ పగల్లేదు. వరిగడ్డి పరిచి, ఇంట్లో బొంతలు కప్పి, తాళ్లు బిగించి, అత్తగారింటికి బాలింతను తీసుకుపోతున్నంత మెల్లగా తోలేది.

తిరిగొచ్చేటప్పటికి సాయంత్రమయ్యేది. వీధి మొదట్లో హారను వినబడగానే ఓబయ్య ఉలి కింద పెట్టి నునుపురాయి అందుకునేవాడు. ఉలి పనికి చప్పుడెక్కువ. నునుపు పనికి చప్పుడుండదు, ఆమె చెప్పే కబుర్లన్నీ వినబడతాయి. ఏ ఊళ్లో ఏ కూర పెట్టారో, ఏ పూజారికి ఎవరితో పేచీనో, ఏ గొర్రెల మంద రోడ్డు మీద పడుకుని ఎంతసేపు కదల్లేదో, అన్నీ వరసగా చెప్పేది. కొట్టం దాటని ఓబయ్య జిల్లా అంతా తిరిగొచ్చినవాడిలా నిద్రపోయేవాడు. ఈ మధ్య మీ విగ్రహాల నునుపు చాలా బాగుంటోందని కొనేవాళ్లు మెచ్చుకుంటే, ఆ గొప్ప ఎవరిదో ఆయనకు తెలుసు. చెప్పేవాడు కాదు.

పోయిన శుక్రవారం గడివేముల పక్క పల్లెకు నాలుగడుగుల ఆంజనేయుణ్ణి తీసుకుపోయింది. స్వామి ముహూర్తానికి ముందే గుడి చేరాడు, క్షేమంగా దిగాడు. ఆయన దిగినాక ఇంజను కూడా దిగిపోయింది. తాళం తిప్పితే పలకలేదు. నంద్యాల మెకానిక్కు యేసురత్నం వచ్చి, తాడు కట్టి లాక్కుపోయి, విప్పి చూసి ఫోన్లో చెప్పాడు. నీళ్ల పంపు దగ్గర గాస్కెట్టు చిరిగి, ఇంజనును చల్లగా ఉంచే కూలెంటు అంతా కారిపోయిందట. కూలెంటు పోతే కూలేది ఇంజనే కదా. ఆ వేడికి పైన ఉన్న హెడ్డు గాస్కెట్టు కూడా కాలిపోయి, మిగిలిన కాసిని నీళ్లు ఆయిల్లో కలిసి, ఆయిలు కాస్తా మజ్జిగైపోయిందట.

గాస్కెట్టంటే మరేం లేదు. రెండు ఇనుప ముక్కలు ఒకదాన్నొకటి కొరుక్కోకుండా, మధ్యలోంచి ఏదీ కారిపోకుండా కూర్చునే పల్చటి పొర. అది ఉన్నన్నాళ్లు ఉందని ఎవరికీ తెలియదు. పోతే ఊరంతా తెలుస్తుంది. ముప్పై ఏళ్ల కాపురంలో ఓబయ్యకూ కమలాక్షమ్మకూ మధ్య ఉన్నది కూడా అలాంటిదే. దానికి విడిభాగాల అంగట్లో పేరు లేదు.

శుక్రవారం చీకటి పడకముందే కమలాక్షమ్మ బస్సులో తిరిగొచ్చింది. గడప మీద కూర్చుని, "నీళ్లు అయిపోయినాయంట. వేడి చూపించే ముల్లు ఎర్రగీత మీదికి పోయింది. నేను చూసుకోలే" అంది.

ఓబయ్య "చూసుకోవాల్సింది" అన్నాడు.

ఒక్కటే మాట. తిట్టు కాదు, కోపం కూడా కాదు, నోట్లోంచి జారిందంతే. మీటరులో ముల్లు మీటరులోనే ఉంది, ఈ ముల్లు మాత్రం ఎక్కడ దిగాలో అక్కడే దిగింది. ఆ తర్వాత నాలుగు రోజులు ఆమె వండింది, వడ్డించింది, మాట్లాడలేదు. బండిలో నీళ్లు, ఇంట్లో మాటలు ఒకే రోజు కారిపోయినట్టయింది. ఓబయ్య రెండు జోకులు వేశాడు. రెండూ గోడకు తగిలి కింద పడ్డాయి.

మంగళవారం సాయంత్రం యేసురత్నం ఫోను చేశాడు. ఫోను గట్టిగా అరిచే రకం, పొయ్యి దగ్గరున్న కమలాక్షమ్మకు కూడా ప్రతి మాటా వినబడింది.

"గాస్కెట్లు మార్చినా అన్నా. హెడ్డు లేతు షాపులో సాపు చేయిచ్చి బిగిచ్చినా. ఇంజను పలికింది. కానీ లోపల్నించి ఇంకోటి గూడా పలుకుతాంది. టక్ టక్ అంటాంది. అది బేరింగే అయితే ఇంజను పోయినట్టే. ఒకసారి వచ్చిపో."

ఫోను పెట్టేశాక కమలాక్షమ్మ నాలుగు రోజుల మౌనం విప్పింది. విప్పకుండా ఉంటేనే బాగుండేదనిపించింది ఓబయ్యకు.

"ఇంజను పోయిందంటే నేను చంపినట్టే. చంపిన చేత్తో మళ్లీ స్టీరింగు పట్టుకోలేను. ఇంక ఎవర్నన్నా బాడుగకు పెట్టుకో."

అదీ ఓబయ్యను బస్సు కిటికీ వైపు చూడనివ్వని సంగతి. బండి పోతే ఇంకో బండి. పెళ్లాం మళ్లీ పొయ్యికీ పెరటికీ మధ్య తిరిగే మనిషైపోతే, సాయంత్రాలు ఎవరు తెచ్చిస్తారు? ఇంజను బతికే ఉందన్న మాట తీసుకుని ఇంటికి పోవాలి. అంతకు మించి ఆయనకు ఆ రోజు దేవుణ్ణి అడగాల్సింది ఏమీ లేదు. తను చేసిన దేవుళ్లలో ఎవర్ని అడగాలన్నదే తేలలేదు.

యేసురత్నం షెడ్డు నూనెపల్లెలో ఉంది. ఆయిలు పనివాడి షెడ్డు నూనెపల్లెలో కాక ఇంకెక్కడుంటుంది. యాభై ఐదేళ్ల మనిషి, ఆదివారం చర్చిలో పాటలకు ముందు గొంతు ఆయనదే. వారంలో ఆరు రోజులు ఇంజన్ల గొంతు బాగుచేసి ఏడో రోజు సొంత గొంతు విప్పుతాడు. అబద్ధమాడడు. బండి బాగుందంటే బాగున్నట్టు, పోయిందంటే పోయినట్టు. అందుకే ఆయన దగ్గరికి రావాలంటే జనానికి భయం.

"కాఫీ తాగుతావా, ముందు చూస్తావా?" అన్నాడు యేసురత్నం.

"చూసినాక తాగబుద్ధి అయితే తాగుతా."

యేసురత్నం తాళం తిప్పాడు. ఇంజను అందుకుంది. దాంతోపాటు ఆ చప్పుడు కూడా. టక్, టక్, టక్. ఎవరో లోపల ఇరుక్కుని తలుపు తట్టుతున్నట్టు.

"దీన్ని మేము నాక్ అంటాం" అన్నాడు యేసురత్నం.

"నాకేం వద్దప్పా ఆ నాకు" అన్నాడు ఓబయ్య. అలవాటు కొద్దీ వచ్చింది జోకు. ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు.

యేసురత్నం ఒక పొడుగాటి ఇనుప కడ్డీ తీసి, ఒక కొన ఇంజనుకు ఆనించి రెండో కొన చెవికి పెట్టుకున్నాడు. కింద పెట్టి విన్నాడు, పక్కన పెట్టి విన్నాడు. తర్వాత స్పానరు అందుకున్నాడు.

"రెండు సిలిండర్ల ఇంజను ఇది. ఇప్పుడు మొదటిదానికి డీజిల్ పోకుండా చేస్తా. చప్పుడు పోయిందనుకో, జబ్బు దాంట్లోనే ఉన్నట్టు."

పైపు నట్టు వదులు చేశాడు. ఇంజను కుంటుకుంటూ నడిచింది. టక్ టక్ ఆగిపోయింది. నట్టు బిగించి రెండోది వదులు చేశాడు. చప్పుడు అట్లాగే ఉంది. ఇంజను ఆపేసి, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ ఓబయ్య ముఖం వైపు కాక చేతుల వైపే చూస్తూ చెప్పాడు.

"మొదటి సిలిండరు కింద బేరింగు అన్నా. ఆయిల్లో నీళ్లు పడినాయి గదా. నీళ్లకు జిడ్డుండదు. జిడ్డు లేకుంటే ఇనుము ఇనుమును తినేస్తాది. ఇంజను మొత్తం దించి విప్పాల. విప్పినా బాగయితాదని నేను చెప్పలేను."

ఓబయ్య అక్కడున్న టైరు మీద కూర్చున్నాడు.

"ఎంత దూరం తోలింటాది రత్నం, నీళ్లు లేకుండా?"

యేసురత్నం లోపలికి పోయి ఒక ప్లాస్టిక్ డబ్బా తెచ్చాడు. ఇంజనుకు నీళ్లు పోసే డబ్బా. ఎండలో పెట్టిన బెల్లంలా ఒక పక్కకు జారి ముద్దగా అయిపోయి ఉంది.

"ముల్లు ఎర్రగీత తాకినాక ఎంత లేదన్నా పది పదైదు కిలోమీటర్లు. నంద్యాల దాటినప్పుడే లేచింటాది."

"అంతసేపు చూసుకోకుండా ఎట్ల తోలింది? రోడ్డు మీద తాటాకు కనబడితే బ్రేకు కొట్టే మనిషి. టైరులో గాలి చూసేదానికి కూడా మూడుసార్లు దిగతాది."

యేసురత్నం గుడ్డతో తుడుచుకున్న చేతులే మళ్లీ తుడుచుకున్నాడు.

"చూసుకోలేదని ఆయమ్మ చెప్పిందా?"

"ఆ."

"అయితే అట్లనే అనుకో."

"నీ మొగం అట్ల చెప్పడంలే."

"అన్నా, నన్ను అడగొద్దు. అడిగితే అబద్ధం చెప్పలేను. అడగకుంటే ఊరికే ఉండగలను. ఆయమ్మకు మాటిచ్చినా."

ఓబయ్య అడగలేదు. అడగాల్సిన పని లేకపోయింది. చేతిలో ఉన్న ఆ జారిపోయిన డబ్బాను చూస్తూ కూర్చున్నవాడికి, నాలుగేళ్ల కిందట ఈ బండి ఇంటికొచ్చిన రోజు గుర్తొచ్చింది. బానెట్టుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, మొదటి విగ్రహాన్ని ఎక్కించాక తను ఒక మాట చెప్పాడు. వాళ్ల నాయన తనకు చెప్పింది, ఆయనకు వాళ్ల నాయన చెప్పింది. గడప దాటిన విగ్రహం గుడి చేరేదాకా నడిమధ్యలో ఎక్కడా నిలబడకూడదు. నిలబడిన చోటే స్వామి ఉండిపోతానంటాడు. పోయేటప్పుడు టీకి కూడా ఆపొద్దు, తిరిగొచ్చేటప్పుడు నీ ఇష్టం.

ఆమె సరేనంది. సరేనన్నది సరిగ్గా నిలబెట్టుకుంది.

ముల్లు లేవడం చూసింది. ఎర్రగీత తాకడం చూసింది. వెనక ఆంజనేయుడు, ముందు పొగ, మధ్యలో మొగుడి మాట. ఆపలేదు. ఇంటికొచ్చి, నీ మాట కోసమే ఆపలేదయ్యా అని ఒక్క మాట అంటే తప్పంతా ఓబయ్య మీదికి, ఓబయ్య మీదినించి వాళ్ల నాయన మీదికి పోయేది. ఆమె చూసుకోలే అంది. దానికి తను చూసుకోవాల్సింది అన్నాడు.

రాళ్లతో పనిచేసే మనిషికి తను కూడా రాయేనని తెలిసిన క్షణం అది.

"ఒక్కటి అడగతా రత్నం. నువ్వు మాటిచ్చింది కాదులే. నువ్వు పోయేటప్పటికి ఎట్లుండాది మనిషి?"

యేసురత్నం కాసేపు లెక్క చూసుకున్నాడు, ఈ ప్రశ్న ఇచ్చిన మాటలోకి వస్తుందా రాదా అని. రాదనుకున్నాడు కాబోలు.

"ఏడవలే అన్నా. బండికి ముందు నిలబడి బానెట్టు మీద చెయ్యి పెట్టి ఏందో చెప్పుకుంటాంది దానితో. తల్లీ అన్నది మాత్రం ఇనబడింది. ఇనుము కాలిపోతాంటే చెయ్యి తీయలే. నేనే లాగేసినా. షెడ్డుకు వచ్చినాక మా ఆదెమ్మను పిలిచి మందు రాయిచ్చినా."

నాలుగు రోజులుగా కమలాక్షమ్మ ఎడమ అరచేతికి గుడ్డ చుట్టుకుని తిరుగుతోంది. అడిగితే పెనం తగిలిందంది. ఓబయ్య పెనాన్ని నమ్మాడు.

మధ్యాహ్నమయింది. యేసురత్నం భార్య ఆదెమ్మ క్యారియరు తెచ్చి, ఇద్దరికీ జొన్న రొట్టె, గోంగూర పచ్చడి పెట్టింది. "అక్క చెయ్యి ఎట్లుండాది?" అని అడిగింది. ఓబయ్య గబుక్కున తలెత్తలేకపోయాడు. మంట పచ్చడిది అనుకుని ఆదెమ్మ నీళ్లు అందించింది.

తిన్నాక ఓబయ్య లేచి బండి దగ్గరికి పోయాడు.

"ఇంకొక్కసారి స్టార్ట్ చెయ్యి రత్నం."

"ఎన్నిసార్లు చేసినా అదే కదన్నా."

"నేనింకా దాన్ని ఇనలే. పొద్దున నా భయమే ఇన్నా."

యేసురత్నం తాళం తిప్పాడు. చల్లబడిన ఇంజను పొద్దుటి కంటే గట్టిగా అరిచింది. టక్, టక్, టక్, టక్.

"పొద్దున ఇంత లేదే" అన్నాడు ఓబయ్య.

"నువ్వొచ్చేలోపలే ఆడిచ్చి ఆడిచ్చి వేడి చేసినాలే. వేడెక్కితే కొంచెం తగ్గతాంది."

ఓబయ్య కళ్లు మూసుకున్నాడు. క్వారీకి పోయి రాయి ఎంచుకునేటప్పుడు ఆయన ముందు చూడడు, వింటాడు. చిన్న సుత్తితో ఈ కొస నుంచి ఆ కొసకు తట్టుకుంటూ పోతాడు. మంచి రాయిని తడితే ఖంగుమంటుంది, ఆ ఖంగుకు వెనక సన్నటి మోత సాగుతుంది. లోపల చీలిక ఉంటే మోత ఉండదు. కంటికి కనబడని పగులు చెవికి కనబడుతుంది. నలభై ఏళ్లుగా ఆ మోత మీదే బతికాడు, మోతబరి కాకపోయినా.

వింటూ వింటూ చేత్తో గాలిలో తాళం వేశాడు. తర్వాత కళ్లు తెరిచాడు.

"రత్నం, ఇనుము ఇనుమును కొడితే మోత ఉండాల గదా?"

"ఉండాల."

"దీనికి మోత లేదు. టక్ మంటాంది, ఆడికే చచ్చిపోతాంది. ఇది కొట్టే చప్పుడు కాదప్పా, ఊదే చప్పుడు. ఎవరో నోరు మూసుకుని ఉఫ్, ఉఫ్ అంటాండారు లోపల."

"ఊదేదానికి ఆడ ఏముంది అన్నా?"

"అది నీకు తెలియాల. నాకు తెలిసింది చెప్తాండా. చప్పుడు కింద్నించి రావడంలే. ఈ పైన, ఈ పక్కనించి వస్తాంది."

భుజం మీద తువ్వాలు తీశాడు. శిల్పి తువ్వాలు అంటే సగం గుడ్డ, సగం రాతిపొడి. ఎన్ని ఉతుకులు ఉతికినా కమలాక్షమ్మకు లొంగనిది అదొక్కటే. కొట్టంలో సన్న పగులు ఎక్కడుందో తేలనప్పుడు రాయి మీద పొడి చల్లి తట్టడం ఓబయ్యకు అలవాటు. పగులు దగ్గర పొడి ఒక తీరుగా కదులుతుంది. ఆ అలవాటు కొద్దీ, పొగ గొట్టం ఇంజనును తాకే చోట ఆ తువ్వాలు దులిపాడు. తెల్లటి పొడి ఆ ఇనుము మీద పల్చగా పరుచుకుంది.

ఒక చోట తప్ప. మొదటి సిలిండరు దగ్గర, గొట్టం అంచు మీద, రూపాయి బిళ్లంత మేర పొడి నిలవడం లేదు. టక్ అన్నప్పుడల్లా ఆ కాస్త పొడీ ఎగిరి పడుతోంది. టక్, ఎగిరింది. టక్, ఎగిరింది.

యేసురత్నం వంగి చూశాడు. కడ్డీ పక్కన పడేశాడు. అరచేయి ఆ చోటుకు దగ్గరగా పెట్టి, గాలి తగలగానే వెనక్కి తీసుకున్నాడు. తర్వాత నుదురు కొట్టుకున్నాడు. ఆయన నుదుటి మీద ఆయిలు ముద్ర పడింది.

"పొగ గొట్టం గాస్కెట్టు. నాదే తప్పన్నా. హెడ్డు బిగిచ్చేటప్పుడు అన్నీ కొత్తవి పెట్టినా, ఇదొక్కటి అంగట్లో దొరకలే. పాతదే బాగుందిలే అని పెట్టినా. దాని సందులోంచి పొగ కొడతాంది. ఆ సిలిండరుకు డీజిల్ ఆపితే ఊదేదానికి పొగ ఉండదు గదా, అందుకే చప్పుడు ఆగింది. వేడెక్కి ఇనుము బిగుసుకుంటే తగ్గతాంది. బేరింగు అయితే వేడికి పెరగాల. పొద్దుట్నించి నా చెవికి చెప్తానే ఉండాది, నేనే ఇనలే."

"అంటే, కింద బేరింగు?"

"బంగారంగా ఉండాది. నేను అబద్ధం చెప్పనని తెలుసు గదా."

ఓబయ్య మళ్లీ అదే టైరు మీద కూర్చున్నాడు. ఆదెమ్మ పోసిచ్చిన కాఫీ రెండు చేతులతో పట్టుకుని తాగాడు.

అంగళ్లన్నీ తిరిగి యేసురత్నం ఆ గాస్కెట్టు సంపాదించేలోపల ఓబయ్య ఇంటికి ఫోను చేశాడు.

"బిరీన బస్సెక్కి రా. బండి తోలుకుని పోవాల."

"ఇంజను పోలేదా?" అవతల గొంతు సన్నగా వచ్చింది.

"పోలే. రత్నమే ఒక గాస్కెట్టు తప్పు పెట్టినాడు. నీ వల్ల ఏమీ కాలే."

"ఎవర్నన్నా పెట్టి తోలిచ్చుకో."

"నేను ఈడనే కూచోనుంటా. నువ్వు రాకపోతే రేపు కూడా ఈడనే ఉంటా. ఆదెమ్మ రొట్టెలు బాగుండాయి."

కమలాక్షమ్మ ఫోను పెట్టేసింది. ఆమె నాలుగింటికి వచ్చింది. ఎడమ చేతికి గుడ్డ, కుడి చేతిలో చిన్న సంచి. షెడ్డు లోపలికి రాకుండా బయటే నిలబడింది. యేసురత్నం తాళం తిప్పాడు. ఇంజను నున్నగా నడిచింది. టక్ లేదు, టిక్ లేదు. కమలాక్షమ్మ ఒక అడుగు ముందుకేసి, తల కొంచెం వంచి వింది. ఆమె ముఖంలో ఏదో సడలింది. కానీ బండి తలుపు తెరవలేదు.

యేసురత్నం తనకేదో పని ఉన్నట్టు వెనక్కి పోయాడు. ఇంజను నడుస్తూనే ఉంది.

"చెయ్యి చూపించు" అన్నాడు ఓబయ్య.

"పెనం తగిలిందని చెప్పినా గదా."

"మన ఇంట్లో పెనానికి నాలుగు టైర్లుండాయని నాకు తెలీదే."

ఆమె షెడ్డు లోపలికి చూసింది, యేసురత్నం కనబడతాడేమోనని.

"రత్నం ఏం చెప్పలే. మాటిచ్చినాడంట, సచ్చినా చెప్పడు. ఆ నీళ్ల డబ్బా చెప్పింది." ఓబయ్య ఆమె చెయ్యి తీసుకుని గుడ్డ విప్పాడు. ఎర్రగా, పొరలు లేచి ఉంది. మళ్లీ మెల్లగా చుట్టాడు. రాతికి తప్ప దేనికీ ఇంత జాగ్రత్త చూపించని వేళ్లు. "ముల్లు చూసినావు గదా."

ఆమె గుడ్డ కొస లోపలికి దోపుకుంది.

"చూసి కూడా ఆపలే. నా మాట కోసం."

"నీ మాట ఒకటేనా. మీ నాయన మాట, వాళ్ల నాయన మాట" అంది కమలాక్షమ్మ. గొంతులో నాలుగు రోజుల ఎండ ఉంది. "ఆంజనేయస్వామి వెనక కూచోనుండాడు. ఆపితే ఈడనే ఉంటానంటాడేమో, గుడి వాళ్లు పొద్దుట్నించి ఉపవాసముండారు, నీకు చెడ్డపేరు వస్తాదని. ఏం చేయల్ల నేను?"

"మా నాయన ఎద్దులబండి మీద తోలినాడు. ఎద్దులు నీళ్ల తావున నిలబడినాయి, నీడ తావున నిలబడినాయి, వాటికి ఒంటికొచ్చినప్పుడు నిలబడినాయి. నేను పక్కన కూచోని చూసినా. ఏ స్వామీ దిగి ఆడనే ఉంటాననలే. ఇన్నేండ్లు ఆ సంగతి మర్చిపోయి మాట ఒకటే గుర్తుపెట్టుకున్నా."

"మరి నాకెందుకు చెప్పినావు?"

"నాకూ ఎవరో చెప్పినారు కాబట్టి. తప్పు నాది. ఎర్రగీత దాటింది నేను, కమలా."

ఆమె ఇంజను వైపు చూస్తూ అడిగింది. "మళ్లీ దేవుడు వెనక ఉన్నప్పుడు ముల్లు లేస్తే?"

"ఆపు."

"ఆపితే, స్వామి ఈడనే ఉంటానంటే?"

"ఉండనీ. ఆ ఊరోళ్లు ఆడనే గుడి కట్టుకుంటారు. అడిగినోళ్లకు నేను ఇంకోటి చెక్కి ఇస్తా. రాయి ఎప్పుడన్నా దొరకతాది. నువ్వు మాత్రం ఇంటికి రావాల."

కమలాక్షమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది. తర్వాత బండి చుట్టూ తిరిగి నాలుగు టైర్లనూ కాలితో తన్ని చూసింది. బానెట్టు తెరిచి కొత్త డబ్బాలో నీళ్ల మట్టం చూసింది. కింద వంగి ఏమైనా కారుతోందేమో చూసింది. యేసురత్నం తలుపు చాటు నుంచి చూసి లోపలికి తప్పుకున్నాడు.

ఆమె తలుపు తెరిచి ఎక్కి కూర్చుంది. అద్దం సరిచేసుకుంది. "ఎక్కు" అంది.

ఓబయ్య రెండో పక్క ఎక్కాడు. ఆమె క్లచ్చు తొక్కి, కట్టు ఉన్న ఎడమ చెయ్యి గేరు మీద పెట్టి, పళ్లు బిగబట్టింది. ఓబయ్య ఆ చెయ్యి తీసి ఆమె ఒళ్లో పెట్టాడు.

"నేనేస్తా. నువ్వు చెప్పు."

"నీకేం తెలుసు గేర్లు?"

"చెప్తే తెలుస్తాది. నువ్వు నేర్చుకోలే?"

"ఎడమ పక్కకు జరిపి ముందుకు."

గేరు గర్రుమంది. షెడ్డు లోపల యేసురత్నం ఎవరో తన పన్ను పీకినట్టు మూలిగాడు.

"మెల్లగా అప్పా" అంది కమలాక్షమ్మ. "అది సుత్తి కాదు. చెయ్యి వదులుగా పెట్టు. మళ్లీ చూడు."

ఓబయ్య చెయ్యి వదులు చేశాడు. గేరు పడింది. బండి నూనెపల్లె సందులోంచి ఆళ్లగడ్డ రోడ్డు మీదికి మెల్లగా కదిలింది.